ఎడారిలో ఆరుద్ర పురుగు

అరిజోనాలో వానాకాలం ఎప్పుడు మొదలవుతుందో తెలుసాండీ? జూన్ 15న. ఎప్పుడు అయిపోతుంది? సెప్టెంబర్ 30న. వాన పడినా పడకపోయినా అంతే. 2008లో ఇక్కడి వాతావరణ శాఖవాళ్ళు అలా తేల్చేశారు. అంతకు ముందు లెక్క వేరేగా ఉండేది. గాలిలో తేమ ఎంతుందో చెప్పే డ్యూ పాయింట్ వరసగా మూడు రోజులు ఫీనిక్స్‌లో 55 డిగ్రీలు, టూసాన్‌లో 54 డిగ్రీలు (ఫారెన్‌హీట్‌లో లెండి) ఉంటే, అప్పుడు "మాన్సూన్ వచ్చేసింది" అని చెప్పేవాళ్ళు. ఈలోగా ఒక వాన పడి వెలిసినా అది మాన్సూన్ వాన కాదన్నమాట! జనానికి ఈ లెక్క ఎక్కలేదు, అందుకని తేదీలు పెట్టేశారు.

వీళ్ళిద్దరి కంటే పాత లెక్క ఒకటుంది. టూసాన్‌లో స్పానిష్ మాట్లాడే పాతకాపులు జూన్ 24న, సాన్ హువాన్ పండగ రోజున వాన కోసం ఎదురు చూస్తారు. మన పంచాంగం తీసి చూడండి. ఆరుద్ర కార్తె వచ్చేది జూన్ 22 ప్రాంతంలో. రెండు రోజుల తేడా! నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్ళలో, అది కూడా సరిగ్గా పడని ఊళ్ళలో పెరిగినవాడికి ఆకాశం వంక చూడటం ఎవరూ నేర్పక్కర్లేదు. ఇప్పుడుంటున్న చోట పడేది అందులో సగం కూడా కాదు. ఫీనిక్స్ సగటు సుమారు 180 మిల్లీమీటర్లు. దాంట్లో ఓ మూడో వంతు పైగా ఈ మూడున్నర నెలల్లో, అదీ నాలుగైదు సాయంత్రాల్లో, దుమ్మూ ఉరుములూ కలిపి కుమ్మరించి వెళ్ళిపోతుంది.

వాన వెలిశాక అసలు సంత మొదలవుతుంది. తొమ్మిది నెలలుగా చచ్చిందనుకున్న నేల లోంచి ఏవేవో లేచి వస్తాయి. మనవాళ్ళ ఇళ్ళ నుంచి నాకు ఫోన్లు కూడా అప్పుడే మొదలవుతాయి. "అన్నా, గరాజ్‌లో ఏదో ఉంది, ఫోటో పంపిస్తున్నా, చూడు" అంటాడొకడు. ఆ వెంటనే వెనక నుంచి ఆవిడ గొంతు: "విషమా కాదా అడగండి ముందు." ఈ ప్రశ్నకి అసలు అర్థం "చంపాలా, వదిలెయ్యాలా?" అని. పేరు తెలిసేదాకా చెప్పు చేతిలోనే ఉంటుంది. ఇప్పుడైతే ఫోనే ఫోటో చూసి పేరు చెప్పేస్తోంది గానీ, ఈ పేర్లు మొట్టమొదట ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అని నాకు కొన్నాళ్ళుగా ఒక పురుగు తొలుస్తోంది. వారాంతాల్లో లైబ్రరీలో కూర్చుని చదివినంతలో తెలిసిన సంగతులివి.

సులభమైన పురుగుతో మొదలుపెడతాను. 2018 వేసవికి మా అమ్మ వచ్చింది. జులైలో మొదటి పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే ఊరి బయట కొండ దగ్గర నడుస్తున్నాం. దారి పక్క ఎర్రమట్టి మీద మఖమల్ గుడ్డ ముక్కలు నడిచిపోతున్నట్టు శనగగింజంతవి, ఎర్రెర్రనివి. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వంగి, "ఒరే, ఆరుద్ర పురుగు కదరా! ఇది ఇక్కడికెట్లా వచ్చిందిరా?" అంది. ఒకదాన్ని అరచేతిలోకి కూడా ఎక్కించుకుంది. నిజమే మరి. మన ఆరుద్ర పురుగూ, సంస్కృతంలో ఇంద్రగోపమూ, ఇక్కడివాళ్ళ రెడ్ వెల్వెట్ మైటూ ఒకే కుటుంబం. ఇక్కడి వాటి ప్రజాతి పేరు డైనోత్రాంబియమ్. లెక్కపెడితే ఎనిమిది కాళ్ళు, కాబట్టి పురుగు అనకూడదు, సాలీళ్ళ చుట్టం. ఆ మాట మా అమ్మకి చెబితే, "చుట్టరికాలు మనకెందుకు, ముట్టుకుంటే మెత్తగా ఉంది" అంది.

ఇది ఏడాదిలో ఎక్కువ భాగం నేల లోపలే ఉంటుంది. మంచి వాన పడ్డాక పైకొచ్చి కొన్ని గంటలు తిరుగుతుంది. ఎందుకంటే సరిగ్గా అదే సమయానికి చెదలకి రెక్కలొచ్చి ఉసిళ్ళుగా ఎగిరి కిందపడతాయి (మా వైపు ఈసుళ్ళు అంటారు, వేయించుకు తినేవాళ్ళు కూడా ఉన్నారు). వాటిని తిని, జతకట్టి, మళ్ళీ మట్టిలోకి. కాలిఫోర్నియా ఎడారిలో టెవిస్, న్యూవెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వీటి వెంటపడి, అవి ఏ వానకి బయటికొస్తాయో, ఎంతసేపుంటాయో రాసుకుని 1962లో అచ్చు వేశారు. అక్కడ ఎండాకాలం వానలు తక్కువ కనక చలికాలం వానలకి వస్తాయట. కార్తె పేరే పురుగుకి పెట్టుకున్న మన రైతులు కూడా ఈ మొత్తం వ్యవహారాన్ని రెండు ముక్కల్లో పట్టేశారు కదా అనిపించింది నాకు. ఇది ఎప్పుడు కనపడుతుంది అన్నది ఆ పేరులోనే ఉంది. ఇంగ్లీషు పేరులో అది ఎలా ఉంటుందో మాత్రమే ఉంది.

అందరి పేర్లూ ఇంత సుఖంగా రాలేదు. ఈ ఎడారి జంతువుల్లో చాలావాటి శాస్త్రీయ నామాల వెనక ఒక సరిహద్దు గీత ఉంది. 1846లో మొదలైన యుద్ధం 1848లో ముగిసేసరికి మెక్సికో తన భూభాగంలో సగం దాకా అమెరికాకి వదులుకుంది. మిగిలిన దక్షిణపు ముక్కని, అంటే ఇప్పుడు టూసాన్ ఉన్న ప్రాంతాన్ని, 1853లో కుదిరిన గాడ్స్‌డెన్ ఒప్పందం ప్రకారం అమెరికా కోటి డాలర్లకి కొనుక్కుంది. కొన్నాక గీత గీయాలి కదా. విలియమ్ ఎమోరీ అనే సైనికాధికారి నాయకత్వంలో సర్వే బృందాలు ఎడారికి అడ్డంగా రాళ్ళు పాతుకుంటూ వెళ్ళాయి. వాళ్ళతో పాటు మొక్కలూ జంతువులూ పోగుచేసేవాళ్ళు కూడా ఉన్నారు.

దీనంతటికీ వాషింగ్టన్‌లో సూత్రధారి స్పెన్సర్ బెయర్డ్. 1850లో స్మిత్సోనియన్‌లో చేరాడు. సైన్యంలో పడమటికి వెళ్ళే ప్రతివాడికీ ఉత్తరాలు రాయడం, జంతువుల్ని ఎలా పట్టాలో, సారాలో ఎలా నిలవ చేయాలో చెప్పడం, డబ్బాలు పంపించడం ఆయన పని. (ఆఫ్‌షోర్ మేనేజర్ అన్నమాట. కూర్చున్న చోటి నుంచి కదలకుండా పడమటి దేశమంతా డెలివరీ తెప్పించుకున్నాడు.) పాములూ, బల్లులూ, కప్పలూ సీసాల్లో వాషింగ్టన్ చేరేవి. అక్కడ బెయర్డ్, ఆయన సహాయకుడు షార్ల్ జిరార్ కూర్చుని వాటికి లాటిన్ పేర్లు పెట్టేవాళ్ళు. ఎమోరీ నివేదికలో సరీసృపాల భాగం 1859లో వచ్చింది. బొమ్మలు చూస్తే ఎంత అందంగా ఉంటాయో! కానీ ఒక్క సంగతి గమనించండి. పేరు పెట్టినవాళ్ళు ఆ జంతువు వానలో లేచి రావడం చూడలేదు. దాని అరుపు వినలేదు. వాళ్ళకి అందింది రంగు వెలిసిన ఒక శవం, ఊరి పేరు రాసిన చీటీ.

స్పేడ్‌ఫుట్ కప్ప కథ చెబితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. దీని వెనక పాదం అడుగున చిన్న నల్లటి పార ఉంటుంది, గోరు గట్టిపడినట్టు. వెనక్కి వెనక్కి కదులుతూ ఆ పారతో మట్టి తవ్వుకుని లోపలికి దిగిపోతుంది. గుర్తుపట్టాలంటే కంటి మీద టార్చి వేయండి. పిల్లికున్నట్టు నిలువు కంటిపాప కనిపిస్తుంది. దక్షిణ అరిజోనాలో ఎక్కువగా కనపడే రకం పేరు కౌచ్ స్పేడ్‌ఫుట్. మనం పడుకునే కౌచ్ కాదు, డరాయస్ కౌచ్ అనే మనిషి. అమెరికా సైన్యంలో లెఫ్టినెంట్. 1853లో ఉద్యోగానికి సెలవు పెట్టి, స్మిత్సోనియన్ కోసం జంతువులు సేకరిస్తానని ఉత్తర మెక్సికోకి వెళ్ళాడు. అక్కడ మాటమోరోస్ ఊళ్ళో ఒక పెద్ద నిధి దొరికింది ఆయనకి.

ఆ నిధి బెర్లాండియే అనే ఆయనది. జెనీవా దగ్గర పుట్టి, వృక్షశాస్త్రం చదువుకుని, 1826లో మెక్సికో చేరాడు. విచిత్రం చూడండి, ఆయన కూడా సరిహద్దు పని మీద వచ్చినవాడే, కాకపోతే మెక్సికో ప్రభుత్వం వేసిన సరిహద్దు సంఘంలో. ఆ పని అయిపోయాక మాటమోరోస్‌లో స్థిరపడి వైద్యం చేసుకుంటూ, ఇరవై ఏళ్ళకి పైగా మొక్కలూ జంతువులూ రాతప్రతులూ పోగేశాడు. 1851లో సాన్ ఫెర్నాండో నది దాటుతూ మునిగి చనిపోయాడు. రెండేళ్ళ తర్వాత కౌచ్ ఆయన భార్య దగ్గర ఆ సేకరణ మొత్తం కొని వాషింగ్టన్ పంపించాడు. తనూ కొన్ని పట్టాడు. బెయర్డ్ 1854లో మెక్సికో నుంచి వచ్చిన ఈ కప్పకి స్కాఫియోపస్ కౌచియై అని పేరు పెట్టాడు. కౌచ్ తర్వాత అంతర్యుద్ధంలో జనరల్ అయ్యాడు, ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధంలో ఒక పెద్ద దళాన్ని నడిపాడు. యుద్ధ చరిత్ర చదివేవాళ్ళు తప్ప ఇప్పుడు ఆయన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. ప్రతి జులైలోనూ కప్ప రూపంలో తలుచుకునేది మేమే.

బెయర్డ్‌కి సీసాలో అందనిది ఏమిటంటే దీని అరుపు. మొదటిసారి విన్నప్పుడు నాకు కప్ప గుర్తుకు రాలేదు. మా ఊళ్ళో మందలోంచి తప్పిపోయిన మేక చీకట్లో అరిచినట్టుంది. "మ్యాాా" అని. ఒకటి కాదు, వందలు. నీళ్ళు నిలిచిన గుంటలో మొగకప్పలన్నీ తేలుతూ ఒకేసారి పెళ్ళిపిలుపులు పిలుస్తుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. వాటి హడావిడికి కారణముంది. గుంట ఎండేలోపు గుడ్డు తోకకప్ప కావాలి, తోకకప్పకి కాళ్ళు రావాలి. అన్నీ కలిసొస్తే ఎనిమిది, పది రోజుల్లో ఆ పని అయిపోతుంది. పెద్ద కప్పలేమో ఉసిళ్ళ మీద పడి మేస్తాయి. ఒక్క పూటలో తన బరువులో సగానికి పైగా తినగలదని, ఆ ఒక్క భోజనంతో ఏడాది గడుపుకోగలదని 1980లో మార్క్ డిమిట్, రొడోల్ఫో రుయిబాల్ లెక్క తేల్చారు.

వాళ్ళే తేల్చిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. నేలలో ఉన్న కప్పకి పైన వాన పడిందని ఎలా తెలుస్తుంది? తడి తగిలి లేస్తుందని మనమంతా అనుకుంటాం. వాళ్ళు తడి లేకుండా ఉత్తి మోటారు పెట్టి మట్టిని అదిరించి చూశారు. కప్పలు పైకొచ్చేశాయి! వాన చినుకుల మోతకి, ఉరుముకి నేల అదురుతుంది కదా, ఆ అదురే వాటికి పిలుపు. ఈ సంగతికి ఒక చెడ్డ కొస ఉంది. 1983లో బ్రాట్‌స్ట్రమ్, బాండెల్లో అనే ఇద్దరు ఎడారిలో తిరిగే మోటారు సైకిళ్ళ మోత రికార్డు చేసి వినిపిస్తే కౌచ్ కప్పలు వాన లేకుండానే బయటికొచ్చాయి. ఎండిన నేల మీదికి అలా వచ్చిన కప్పకి తిండీ లేదు, నీళ్ళూ లేవు. శని ఆదివారాల్లో ఇసకలో నాలుగు చక్రాల బళ్ళు వేసుకు తిరిగే మా ఆఫీసు కుర్రాళ్ళకి ఇది చెప్పాను. ఒకడు మాత్రం నిజంగా ఆలోచనలో పడ్డాడు.

కప్పకీ వానకీ ఉన్న సంబంధం కోసం వీళ్ళు 1980 దాకా ఆగాల్సి వచ్చింది గానీ, ఇక్కడి అసలు మనుషులకి అది ఎప్పుడో తెలుసు. టూసాన్ ఊరికి ఉత్తరాన సాంటా కటలీనా కొండలున్నాయి. ఆ పేరు స్పెయిన్ మతగురువులు పెట్టింది. తొహోనో ఓధమ్ జాతివాళ్ళ భాషలో ఆ కొండ పేరు బాబాద్ దోఆగ్, అంటే కప్పల కొండ. వాన మబ్బులు ముందు కమ్ముకునేది దాని మీదే. జూన్ చివర్లో సువారో అనే పెద్ద జెముడు చెట్టు పళ్ళు కోసి, పాకం కాచి, పులియబెట్టి, ఆ కల్లు తాగి వానని పిలుస్తారు. వాళ్ళకి కొత్త ఏడాది అప్పుడే. మా ఊళ్ళో వాన మొహం చాటేసిన ఏడు రోకలికి వేపాకుతో పాటు కప్పని కట్టి, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి బిందెలతో నీళ్ళు పోయించుకునే కప్పతల్లి ఆట నాకింకా గుర్తుంది. (కప్పకి అది ఎంత సుఖంగా ఉండేదో అప్పుడు ఆలోచించే వయసు కాదు.) ఎమోరీ రాళ్ళు పాతుకుంటూ పోయిన గీత వీళ్ళ నేలని రెండు ముక్కలు చేసింది. వీళ్ళ చుట్టాలు కొందరు ఇప్పటికీ మెక్సికో వైపున ఉన్నారు. 1859 నాటి ఆ నివేదికలో కప్పలకి లాటిన్ పేర్లున్నాయి. నాకు మాత్రం కొండ పేరే ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఇక అసలు నాయకుడి దగ్గరకొద్దాం. హీలా మాన్‌స్టర్. గి అనో జి అనో పలకాలనిపిస్తుంది గానీ స్పానిష్ పద్ధతిలో హీలా అనాలి. ఇక్కడి ఒక నది పేరది. అడుగున్నర పైబడి పొడుగు, నలుపూ నారింజా కలిసిన పూసల దుప్పటి కప్పుకున్న ఉడుములా ఉంటుంది. కొవ్వు దాచుకునే లావు తోక. జీవితంలో తొంభై పాళ్ళు పైగా బొరియల్లోనే గడుపుతుంది. వేసవి వానలప్పుడు రాత్రి వేళల్లో, తెల్లవారుజామున బయట తిరుగుతుంది. ఇళ్ళేమో కొండ మొదళ్ళ దాకా పాకిపోయాయి, అందుకని ఎవరో ఒకరి వాకిట్లో తేలుతుంది. రెండేళ్ళ కిందట టూసాన్ పక్కనుండే మిత్రుడొకాయన నుంచి అలాంటి ఫోటోయే వచ్చింది. ఆవిడ పార పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉందట. "పార కింద పెట్టమను ముందు. అది మీ ఇంట్లోకి రాదు, నిన్ను తరమదు. అయిదడుగుల దూరంలో ఉండి చూడు. చంపితే మటుకు నేరం" అన్నాను. అరగంటలో అది దాని దారిన రాళ్ళలోకి వెళ్ళిపోయింది.

దీని నామకరణం ఒక కోర్టు కేసులా నడిచింది. 1859 నివేదికలో దీని బొమ్మ ఉంది గానీ, పేరు మెక్సికోలో అప్పటికే తెలిసిన దాని దాయాదిదే వేశారు. ఇది వేరే జాతి అని చెప్పింది ఫిలడెల్ఫియాకి చెందిన ఎడ్వర్డ్ కోప్, 1869లో. ఆయన పెట్టిన పేరు హెలోడెర్మా సస్పెక్టమ్. దీనికి విషం ఉందేమోనని ఆయనకి అనుమానం. ఆ అనుమానాన్నే పేరుగా పెట్టేశాడు! రుజువు లేకుండా అనుమానితుడని రాసిపెట్టిన మనిషి గతి ఏమవుతుందో మనకి తెలుసు, దీనికీ అదే అయింది. దీని ఊపిరి తగిలితే చస్తారన్నారు. మీదికి ఎగిరి దూకుతుందన్నారు. కనపడితే చంపడం ఆనవాయితీ అయింది.

విషం ఉందా లేదా అన్న తగువు నలభై ఏళ్ళు పైగా నడిచింది. 1882లో షూఫెల్ట్ అనే సైనిక వైద్యుణ్ణి స్మిత్సోనియన్‌లోనే ఒకటి కరిచింది. ఆయన తన వేలి బాధంతా రాసి అచ్చు వేశాడు. 1883లో ఫిలడెల్ఫియాలో వియర్ మిచెల్, రైకర్ట్ దీని లాలాజలం పావురానికి ఎక్కిస్తే నిమిషాల్లో చచ్చింది. ఆ తర్వాత కొందరు "అబ్బే, మేం చేస్తే ఏమీ కాలేదే" అన్నారు. నాకు నచ్చిన మనిషి మాత్రం టూంబ్‌స్టోన్ ఊరి డాక్టరు జార్జ్ గుడ్‌ఫెలో. 1881 నాటి ఓకే కొరాల్ తుపాకుల పోట్లాట జరిగిన ఊరు అదే. తుపాకి గాయాలకి వైద్యం చేయడంలో ఆయన దిట్ట. 1891లో ఈ తగువు తేల్చడానికి ఆయన తన దగ్గరున్న హీలా మాన్‌స్టర్‌ని రెచ్చగొట్టి తన వేలినే కరిపించుకున్నాడు. అయిదు రోజులు మంచమెక్కి, లేచి తిరిగాడు. విషం ఉంది, కానీ జనం చెప్పుకునేంత లేదని వాదించాడు.

అసలు సంగతి ఏమిటంటే పాముకున్నట్టు దీనికి పై కోరల్లో విషం ఉండదు. తిత్తులు కింది దవడలో ఉంటాయి. విషం పళ్ళ గాడుల వెంట మెల్లిగా ఎక్కుతుంది, అందుకని కరిచి వదలకుండా నములుతుంది. మనవాళ్ళు ఉడుంపట్టు అంటారే, అచ్చం అది. ఎంతసేపు పట్టుకుంటే అంత విషం. పట్టు ఎప్పటికప్పుడు వేరుగా ఉండబట్టే ఒకరి ప్రయోగానికీ ఇంకొకరి ప్రయోగానికీ పొంతన కుదరకపోయి ఉంటుందని నాకనిపిస్తుంది. 1913లో లియో లోయెబ్ బృందం ఒక పెద్ద పుస్తకమే వేసి ఈ విషం గురించి సందేహం లేకుండా చేసింది. ప్రాణం మీదికి రావడం మటుకు బహు అరుదు. 2024లో కొలరాడోలో ఇంట్లో పెంచుకుంటున్న ఒకాయన దాని కాటుకి చనిపోతే దేశమంతా వార్త అయింది, అంత అరుదు కాబట్టే. 1952లో అరిజోనా రాష్ట్రం దీన్ని చంపకూడదని చట్టం చేసింది. అమెరికాలో ఒక విషజంతువుకి చట్టం అండ దొరకడం అదే మొదలట.

తర్వాతి మలుపు మన ఇళ్ళకి సంబంధించినది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ అనే డాక్టరు రకరకాల విషాల్లో కొత్త హార్మోన్లు ఉంటాయేమోనని వెతుకుతూ, 1992లో హీలా మాన్‌స్టర్ విషంలో ఎక్సెండిన్-4 అనే పదార్థం ఉందని ప్రకటించాడు. మన ఒంట్లో భోజనం కాగానే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఊరి, ఇన్సులిన్ విడుదలని పెంచుతుంది. కానీ అది రక్తంలో రెండు మూడు నిమిషాల్లో కరిగిపోతుంది, మందుగా పనికిరాదు. బల్లిగారి పదార్థం అదే పని చేస్తూ గంటల తరబడి నిలుస్తుంది. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి ఎక్సెనటైడ్ పేరుతో మధుమేహానికి మందుగా 2005లో అమెరికాలో అనుమతించారు. ఆ రకం మందుల్లో అది మొదటిది. ఈ మధ్య అందరూ మాట్లాడుకునే వారానికోసారి ఇంజెక్షన్లు మనిషి హార్మోన్‌నే మార్చి చేసినవి, బల్లివి కావు. కానీ ఆ దారిలో మొదట నడిచింది ఈ అనుమానితుడే. మా అమ్మకి ఇరవై ఏళ్ళుగా షుగరు. ఈ కథ చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అట్లాంటి దాన్నా వీళ్ళు చంపింది?" అని మాత్రం అడిగింది.

అందరికీ ఇంత మంచి ముగింపు రాలేదు. వాన రాత్రి మీ పెరట్లో అరచేయంత ఆకుపచ్చ బూడిద రంగు కప్ప, నున్నటి చర్మం, నోటి మూల తెల్లటి పులిపిరి, చెవి వెనక ఉబ్బిన గ్రంథి కనపడితే అది సోనొరన్ ఎడారి కప్ప. ఏడంగుళాల దాకా పెరుగుతుంది. కుక్క ఉన్నవాళ్ళు జాగ్రత్త. దాన్ని నోట కరిస్తే కుక్క ప్రాణం పోవచ్చు. వెంటనే నోరు బయటివైపుకి నీళ్ళు పారేలా కడిగి పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మనిషికి ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు. జిరార్ 1859 నాటి ఆ సరిహద్దు నివేదికలోనే దీనికీ పేరు పెట్టాడు. చాలాకాలం ఇంగ్లీషులో కొలరాడో నది కప్ప అనేవాళ్ళు. ఇప్పుడు ఆ నదికి కాలిఫోర్నియా వైపున అది లేదు. కనపడి దశాబ్దాలైంది. 1960ల్లో ఇటలీ శాస్త్రవేత్త ఎర్స్‌పామర్ బృందం దీని చర్మంలో మత్తు కలిగించే పదార్థం ఉందని కనిపెట్టింది. 1980ల్లో ఒక చిన్న కరపత్రం దాన్ని ఎలా తీసి పీల్చాలో చెప్పింది. అప్పటి నుంచి జనం వీటిని సంచుల్లో వేసుకుపోతున్నారు. 2022లో నేషనల్ పార్కులవాళ్ళు "దయచేసి కప్పల్ని నాకకండి" అని చెప్పుకోవాల్సి వచ్చిందంటే చూడండి. పేరు తెలియక చంపేవాళ్ళని ఫోన్లో ఆపగలను గానీ, పేరు తెలిసి ఎత్తుకుపోయేవాళ్ళని ఆపే ఉపాయం నాకింకా దొరకలేదు.

మా కాలనీ చివర ఒక పెద్ద గుంట ఉంది. చుట్టూ గడ్డి వేసి, పిల్లలు బంతి ఆడుకునేలా చేశారు గానీ, అసలది వాన నీళ్ళు రోడ్ల మీదికి రాకుండా తవ్వింది. ఫీనిక్స్ చుట్టుపక్కల ప్రతి కాలనీకీ ఇలాంటిది ఉండాలి. దోమలు చేరకుండా 36 గంటల్లో నీళ్ళు ఇంకిపోయేలా కట్టాలని నియమం. కప్పకి కావాల్సింది ఎనిమిది రోజులు. నియమం రాసినవాళ్ళకి దోమ తెలుసు, డెంగీ తెలుసు, అందులో తప్పేమీ లేదు. కానీ ఒకప్పటి ఎడారి పల్లాల్లో, ఇప్పటికీ పశువుల కోసం తవ్విన చెరువుల్లో అరిచే కప్పలు, ఊరి మధ్య ఈ గుంటల్లో కూడా అదే నమ్మకంతో గుడ్లు పెడతాయి. మూడో రోజుకి గడ్డి మీద నల్లటి పొర మిగులుతుంది.

2020లో వానలే లేవు. టూసాన్‌లో సీజన్ మొత్తానికి 1.62 అంగుళాలు, అంతే. ఆ ఏడు మా గుంట దగ్గర ఒక్క అరుపు కూడా వినపడలేదు. 2021 జులైలో టూసాన్‌లో ఒక్క నెలలో 8.06 అంగుళాలు పడింది, ఆ ఊరి రికార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువ వాన పడిన నెల అదే. మా వైపు అంత కాకపోయినా వాన మీద వాన పడింది. గుంట ఎండబోయే ప్రతిసారీ మళ్ళీ నిండింది. పదకొండో రోజు సాయంత్రం నేనూ, ఎదురింటి పెద్దాయనా నడకకి వెళ్ళినప్పుడు గోటంత కప్పపిల్లలు వందల కొద్దీ గడ్డి దాటి కాలిబాట ఎక్కుతున్నాయి. కొన్నిటికి తోక ఇంకా పూర్తిగా ఊడలేదు. ఆయన చేతికర్ర ఆనించే ముందు ప్రతి అడుగుకీ కింద చూసుకుంటూ, "వీటి పేరేమిటన్నావు?" అని అడిగాడు. చెప్పాను. "కౌచ్," అని నవ్వి, రోడ్డు మీద వస్తున్న కారుకి చెయ్యెత్తాడు.